అరుగు మీద మనుషులు, మూల మీద పాట: ఫోను ఎవరికి చేయాలి?

ప్రశ్న: వాషింగ్టన్ డీసీలో ఉద్యోగం. ఏడేళ్ళు వర్జీనియా శివారు ఆష్‌బర్న్‌లో ఉన్నాం. ఆఫీసుకు దగ్గరవుతుందని ఈ మార్చిలో షా ప్రాంతంలో రెండు బెడ్‌రూముల కాండో కొన్నాం. వీధికి అవతల ఒక బార్బర్ షాపు ఉంది. మధ్యాహ్నం నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా బయట స్పీకరు పెట్టి డప్పుల మోత లాంటి పాటలు వేస్తారు. పక్కింటి మెట్ల మీద ఐదారుగురు పెద్దవాళ్ళు కూర్చుని గట్టిగా నవ్వుతూ మాట్లాడుకుంటారు. ఆదివారం సాయంత్రాలు కుర్రాళ్ళు డర్ట్ బైకుల మీద రోడ్డంతా మాదే అన్నట్టు తిరుగుతారు. మా పాపకు నాలుగేళ్ళు, ఎనిమిదింటికి పడుకోవాలి. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో అడిగితే కొందరు 'కల్లుగాళ్ళ (అంటే బ్లాక్ వాళ్ళ) ఏరియాలో ఎందుకు కొన్నావు, వాళ్ళ కల్చరే అంత, 911కి కొట్టు' అన్నారు. ఇంకొందరు 'నోరు మూసుకొని ఉండు, రేసిస్టు అంటారు' అన్నారు. పన్నులు మేమూ కడుతున్నాం కదా. ఆగస్టులో నరసరావుపేట నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకు వస్తున్నారు. ఎవరికి చెప్పుకోవాలి? ఇక్కడ కార్పొరేటర్ లాంటి వాళ్ళు ఉంటారా?
(గ్రీన్‌కార్డు ఉన్న పాఠకుడు, పేరు వద్దన్నారు)

సమాధానం: మీరు రాసినవి మూడు వేర్వేరు సంగతులు. పాట ఒకటి, మెట్ల మీది మనుషులు ఒకటి, బైకులు ఒకటి. మీ గ్రూపువాళ్ళు మూడింటినీ ఒకే మూటగట్టి పైన 'కల్చర్' అని చీటీ అంటించారు. మూట విప్పి చూస్తే మొదటిది మాట్లాడుకుంటే సర్దుబాటయ్యేది. రెండోది అసలు సమస్యే కాదు. మూడోది చట్టవిరుద్ధం. దాని మీద మీకంటే ఎక్కువగా మండిపడేది ఆ మెట్ల మీద కూర్చున్న పెద్దవాళ్ళే అయి ఉంటారు.

ముందు పాట. మీకు డప్పులా వినిపించేది చాలావరకు గో-గో అయి ఉంటుంది. అది డీసీలోనే పుట్టిన సంగీతం. పాటకూ పాటకూ మధ్య కాంగా డ్రమ్ములు ఆగవు. గాయకుడు ఒక మాట అంటాడు, జనం బదులిస్తారు. దీనికి ఆద్యుడిగా చెప్పుకునే చక్ బ్రౌన్ 2012లో చనిపోతే నగరం ఆయన పేరుతో లాంగ్డన్ పార్కులో ఒక స్మారకం కట్టింది. డప్పుతో మీరు పోల్చింది తెలిసి అన్నారో తెలియక అన్నారో గాని, పోలిక బాగానే కుదిరింది. మన ఊళ్ళలో డప్పు వాయించే చేతుల్ని ఊరి బయట ఉంచి, పెళ్ళికీ చావుకూ మాత్రం అదే డప్పు కావాలనుకున్నట్టు, ఈ నగరమూ గో-గోతో చాలాకాలం అలాగే మసలుకుంది.

2019 ఏప్రిల్‌లో మీ ఇంటికి దగ్గర్లోనే, సెవెంత్ స్ట్రీట్, ఫ్లోరిడా ఎవెన్యూ కలిసే మూలన ఏం జరిగిందో మీరు తెలుసుకోవాలి. అక్కడి మెట్రోపీసీఎస్ ఫోన్ల షాపు 1995 నుంచి బయట స్పీకరు పెట్టి గో-గో వేస్తుండేది. దగ్గర్లో కొత్తగా లేచిన ఖరీదైన అపార్టుమెంటు నుంచి ఒక ఫిర్యాదు వెళ్ళింది. వెళ్ళింది షాపు యజమాని దగ్గరికి కాదు, మాతృసంస్థ టీ-మొబైల్‌కు. స్పీకరు లోపల పెట్టుకోమని పైనుంచి ఆదేశం వచ్చింది. అంతే, హోవర్డ్ యూనివర్సిటీ విద్యార్థిని ఒకరు 'డోంట్ మ్యూట్ డీసీ' అని ఒక ట్వీటు పెట్టారు. కొద్దిరోజుల్లోనే వేలాదిమంది వీధి మధ్యలో బ్యాండ్లు పెట్టి ఆడారు. పిటిషన్ మీద సుమారు 80,000 సంతకాలు పడ్డాయి. పాట ఆగదని టీ-మొబైల్ అధిపతే ప్రకటించాల్సి వచ్చింది. 2020 ఫిబ్రవరిలో మేయర్ మ్యూరియల్ బౌజర్ గో-గోను నగర అధికారిక సంగీతంగా ప్రకటించే చట్టం మీద సంతకం చేశారు. ఒక్క ఫిర్యాదు ఆ పాటకు రాజముద్ర వేయించిందన్నమాట.

శబ్దం గురించి అడగడమే తప్పని దీని అర్థం కాదు. తప్పు దారిలో ఉంది. ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి ఆయన నెత్తిమీద ఉన్నవాళ్ళకు చెప్పారు. 'కొంచెం తగ్గించండి' అనలేదు, 'తీసేయండి' అన్నారు. పైగా ఆ మూల ఎలాంటిది? 1970లో డీసీ జనాభాలో బ్లాక్ వాళ్ళు 71 శాతం. 2020 జనగణన నాటికి 41 శాతం. మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత 1968 ఏప్రిల్‌లో తగలబడిన వీధుల్లో సెవెంత్ స్ట్రీట్ ఒకటి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా అక్కడ పెట్టుబడి పెట్టినవాళ్ళు తక్కువ. మెట్రో రైలు స్టేషను వచ్చింది 1991లో. ఆ గడ్డుకాలంలో దుకాణం మూయకుండా నిలబడ్డవాళ్ళకు, ఇప్పుడు పది లక్షల డాలర్ల కాండోలోంచి వచ్చే 'పన్నులు కడుతున్నాం' అన్న మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. వాళ్ళూ కట్టారు, మీకంటే ముప్ఫై ఏళ్ళు ఎక్కువగా కట్టారు. ఆ మాట మీ సంభాషణలోంచి తీసేయండి. అది ఎవరినీ ఒప్పించదు.

ఇక చట్టం లెక్క. డీసీ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో ఉదయం 7 నుంచి రాత్రి 9 దాకా 60 డెసిబెల్స్, ఆ తర్వాత 55 దాటకూడదు. వాణిజ్య ప్రాంతమైతే 65, 60. మీ వీధి ఏ జోన్‌లో ఉందో నగర జోనింగ్ మ్యాపులో చిరునామా కొట్టి చూడండి. షా లో ఇంటికీ దుకాణానికీ మధ్య గోడ ఒక్కటే ఉన్న వీధులు చాలా ఉన్నాయి. ఇవి కాక ఇంకో చట్టం ఉంది. రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా ఇళ్ళలోని వాళ్ళకు ఇబ్బంది కలిగేంత అసమంజసమైన శబ్దం చేయడం నేరం. 500 డాలర్ల దాకా జరిమానా, 90 రోజుల దాకా జైలు. మీ బార్బర్ తొమ్మిదిన్నరకే కట్టేస్తున్నాడు కాబట్టి ఆ చట్టం ఆయన్ను తాకదు. మామూలు సంభాషణే 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. ఒక సిటీ బస్సు వెళ్తే అంతకంటే ఎక్కువ. కనుక చట్టం మీ వైపు గట్టిగా నిలిచేది ఎక్కడైనా ఉంటే 9 నుంచి 9:30 దాకా ఆ అరగంట దగ్గరే. సాయంత్రం నిశ్శబ్దంగా ఉండాలనే హక్కు ఆ వీధిలో ఎవరికీ లేదు. పాప నిద్రపోవాలనే కోరిక మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది. మీ చేతిలో ఉన్న బలం అదొక్కటే. దాన్ని వాడుకోండి.

వాడుకునే ముందు ఒక వారం రాసుకోండి. తేదీ, ఏ గంట నుంచి ఏ గంట దాకా, కిటికీ మూస్తే వినిపించేది గొంతా, డ్రమ్మా, బాసు దరువు ఒక్కటేనా. ఫోనులో డెసిబెల్ యాప్ పెట్టుకోవచ్చు గాని ఆ అంకె ఎవరికీ చూపించకండి. అధికారిక సాక్ష్యంగా అది పనికిరాదు, మనిషికి మనిషి చూపిస్తే బెదిరింపులా ఉంటుంది. అది మీ కోసం. చాలామంది విషయంలో ఈ వారం చివర తేలేది ఏమిటంటే, అసలు ఇబ్బంది ఎనిమిదిన్నర తర్వాతి బాసు దరువు మాత్రమేనని. గొంతులు, తాళాలు కిటికీ మూస్తే ఆగిపోతాయి. బాసు గోడను కూడా ఊపుతుంది. బరువు పరదాలు కొన్నా దానికి లాభం ఉండదు, ఆ డబ్బు దండగ. పనిచేసేవి రెండు. కిటికీ చట్రం చుట్టూ ఉన్న సందులు రబ్బరు పట్టీతో మూయడం ఒకటి. ఉన్న కిటికీకి లోపలివైపు నాలుగు అంగుళాల దాకా గాలి ఖాళీ వదిలి రెండో అద్దం బిగించడం ఇంకోటి. కాండో అసోసియేషన్ సాధారణంగా బయటి కిటికీ మార్చనివ్వదు, లోపలి అద్దానికి అడ్డు చెప్పడం తక్కువ. అన్నిటికంటే చవకైనది పాప మంచాన్ని వీధివైపు గదిలోంచి వెనకగదికి మార్చడం. ఆ పని ఇంకా చేయకపోతే ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు అది చేయండి.

తర్వాత బార్బర్ దగ్గరికి వెళ్ళండి. పాట మోగుతున్నప్పుడు వెళ్ళకండి, అప్పుడు మీ ముఖంలో చిరాకు ఉంటుంది. షాపులో ఇంకో నలుగురు కూర్చుని ఉన్నప్పుడూ వద్దు. పదిమంది ముందు ఎవరూ తగ్గరు, మన ఊళ్ళోనైనా అంతే. పేరు చెప్పండి, ఎదురింట్లో ఫలానా అంతస్తు అని చెప్పండి. పాప సంగతి చెప్పి ఒకే ఒక్కటి అడగండి: 'ఎనిమిదిన్నర తర్వాత బాసు కొంచెం తగ్గించగలరా? స్పీకరు మా గోడవైపు కాకుండా వీధి పొడవునా తిప్పి పెడితే ఇంకా మేలు.' ఈ రెండో ముక్క ముఖ్యం. స్పీకరు కింద ఒక మందపాటి రబ్బరు చాప వేసి కొంచెం పక్కకు తిప్పితే పాట తగ్గించకుండానే మీ గదిలో చాలా తేడా వస్తుంది. ఆయన పోగొట్టుకునేది ఏమీ ఉండదు. 'మా బిల్డింగులో అందరూ అంటున్నారు' అనకండి. అది గుంపు తరఫున వచ్చిన నోటీసు అవుతుంది. మీ ఫోను నంబరు ఇచ్చి రండి, ఆయన నంబరు అడగండి. ఒకరోజు మరీ ఎక్కువైతే మెసేజ్ పెట్టే దారి ఉండాలి.

ఎదురు మాట కూడా వినాల్సి రావచ్చు. 'మీరు రాకముందు ఇక్కడ ఎవరికీ ఇబ్బంది లేదే' అంటాడు. దానికి జవాబు వెతుక్కోకండి. నిజమే కావచ్చు. 'అవును, మేము కొత్త' అనండి.

ఇప్పుడు మెట్ల మీది పెద్దవాళ్ళు. ఆ రాళ్ళ మెట్లను అక్కడ 'స్టూప్' అంటారు. మన భాషలో అరుగు. సాయంత్రం నీళ్ళు చల్లి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను పలకరించడం నరసరావుపేటలో మర్యాద, డీసీలో న్యూసెన్సు ఎలా అవుతుంది? ఈ అలవాటు ఆ కుటుంబాలతో కరోలినాల నుంచి, వర్జీనియా పల్లెల నుంచి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో దక్షిణాది నుంచి లక్షలమంది బ్లాక్ వాళ్ళు ఉత్తరాది నగరాలకు వలస వచ్చినప్పుడు, వసారా మీది జీవితం నగరంలో మెట్ల మీదికి చేరింది. పైగా అది మీ ఇంటికి ఉచిత కాపలా. మీ పార్సెలు ఎవరు ఎత్తుకుపోయారో వాళ్ళకు తెలుస్తుంది, మీ డోర్‌బెల్ కెమెరాకు టోపీ మాత్రమే కనిపిస్తుంది.

అక్కడ ఒక్క నియమం ఉంది, అది ఎవరూ చెప్పరు. దాటి వెళ్తుంటే పలకరించాలి. 'గుడ్ ఈవినింగ్', 'హౌ యూ డూయింగ్', కనీసం తల ఊపు. మన వాళ్ళు ఆష్‌బర్న్‌లో కారు దిగి గ్యారేజీలోంచి ఇంట్లోకి పోయే అలవాటుతో ఫోను చూసుకుంటూ దాటేస్తారు. మనకది సిగ్గు కావచ్చు, అవతలివాళ్ళకు అది భయం గానో, చిన్నచూపు గానో కనిపిస్తుంది. పెద్దవాళ్ళను మొదటి పరిచయంలోనే పేరు పెట్టి పిలవకండి. 'సర్', 'మ్యామ్', లేదా పేరుకు ముందు 'మిస్', 'మిస్టర్' చేర్చి 'మిస్ డొరొతీ' అన్నట్టు అనాలి. ఇది మన 'అక్కయ్యగారు', 'మాస్టారు' లాంటిదే, త్వరగా అలవాటవుతుంది. పిల్లల జుట్టు ముద్దుగా ఉందని ముట్టుకోకండి. అందరూ ఒకటే అనుకోకండి కూడా. మీకు దగ్గరి నైన్త్ స్ట్రీట్‌లో ఇథియోపియా వాళ్ళ హోటళ్ళున్నాయి. వాళ్ళ చరిత్ర వేరు, దాదాపు రెండున్నర వందల ఏళ్ళ బానిసత్వం నీడలో పెరిగిన కుటుంబాల చరిత్ర వేరు.

ఇక్కడే ఆ 'కల్లు' మాట సంగతి. మనకు కల్లంటే తాటిచెట్టు గుర్తుకు రావాలి. ఈ మాట మాత్రం హిందీ 'కాలా' నుంచి మన హాస్టళ్ళ మీదుగా అమెరికా చేరింది. అవతలివాళ్ళకు తెలియదనుకోవద్దు. మనవాళ్ళతో కలిసి పనిచేసినవాళ్ళు చాలామంది దాన్ని ఎప్పుడో గుర్తుపట్టారు. 'నల్లోళ్ళు' కూడా అంతే, గొంతులోని విరుపు భాష రాకపోయినా అర్థమవుతుంది. పాత తెలుగు పత్రికల్లోని 'నీగ్రో' కూడా ఇప్పుడు అవమానమే. బ్లాక్ అనండి, ఆఫ్రికన్ అమెరికన్ అనండి. మీ పాపకు నాలుగేళ్ళు. ఇంట్లో విన్న మాట ప్రీస్కూల్లో ఎప్పుడు బయటపడుతుందో ఏ తల్లిదండ్రులూ చెప్పలేరు. 'వాళ్ళ కల్చరే అంత' అన్న వాక్యాన్ని కూడా ఒకసారి తెలుగులోకి తిప్పి చూడండి. 'వాళ్ళ జాతే అంత' అవుతుంది. ఆ వాక్యం మన ఊళ్ళలో ఎవరు ఎవరిని అన్నదో వేరే చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టులో టెక్సస్ షుగర్‌ల్యాండ్‌లో 90 అడుగుల హనుమంతుడి విగ్రహం లేచినప్పుడు గుడి ముందు నిరసనకు వచ్చినవాళ్ళ వాదన కూడా దాదాపు ఇదే.

అయితే బ్లాక్ వాళ్ళు చేసే ప్రతిదీ సంస్కృతే అని కళ్ళు మూసుకోవడమూ అవమానమే. బైకుల దగ్గర కల్చర్ ప్రసక్తి అనవసరం. డర్ట్ బైకులు, ఏటీవీలు డీసీ వీధుల్లో నడపడం చట్టవిరుద్ధం. వెంటపడితే మనుషులు చస్తారని పోలీసులు తరచూ వెంబడించరు. అందుకే ఆ నిమిషంలో 911కి ఫోను చేస్తే ఫలితం సున్నా. పనికొచ్చే సమాచారం ఏ ఆదివారం, ఎన్నింటికి, ఏ వీధిలోంచి ఏ వీధిలోకి, బైకులు ఎక్కడ ఆపి పెడుతున్నారు అన్నది. అది రాసి కింద చెప్పబోయే మనిషికి పంపండి. ఆ మనిషి ఉండే నెలవారీ సమావేశంలో ఈ విషయం మీద గొంతెత్తేవాళ్ళలో నలభై ఏళ్ళుగా అక్కడే ఉన్న బ్లాక్ ఇంటి యజమానులు కచ్చితంగా ఉంటారు. బార్ల లైసెన్సుల మీద, రాత్రి గోల మీద అందరికంటే కఠినంగా ఉండేది సాధారణంగా వాళ్ళే. వాళ్ళ పక్కన కూర్చోండి.

పోలీసుల మాట తేల్చుకుందాం. కొట్లాట, ఆయుధం, దొంగతనం జరుగుతుండటం, మనిషి పడిపోవడం, మంటలు: వీటికి ఆలోచించకుండా 911. వీధిదీపం, చెత్త, వదిలేసిన కారు: 311. మతిస్థిమితం లేక ఒంటరిగా అరుస్తున్న మనిషి ఎవరికీ హాని చేయకపోతే 988, అది మానసిక సంక్షోభాల సహాయ నంబరు. పాటకు, నవ్వులకు, నిలబడి ఉన్నందుకు ఎవరికీ వద్దు. 2018 ఏప్రిల్‌లో ఓక్‌లాండ్ సరస్సు ఒడ్డున బ్లాక్ వాళ్ళు బొగ్గుల పొయ్యి వెలిగించారని ఒకామె పోలీసులను పిలిచింది. అదే నెల ఫిలడెల్ఫియా స్టార్‌బక్స్‌లో ఏమీ కొనకుండా కూర్చున్నందుకు ఇద్దరు బ్లాక్ యువకులకు సంకెళ్ళు పడ్డాయి. ఆ సంస్థ మే 29న 8,000కు పైగా దుకాణాలు మూసి సిబ్బందికి పాఠం చెప్పాల్సి వచ్చింది. 2020లో న్యూయార్క్ రాష్ట్రం, శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఇలాంటి ఫోన్ల మీద బాధితులు దావా వేసేలా చట్టాలు చేశాయి. ఎప్పుడైనా ఫోను చేయాల్సి వస్తే ముందు చెప్పాల్సింది ఏం జరుగుతోందో. మనిషి ఎలా ఉన్నాడన్నది అడిగాకే. 'అనుమానాస్పదంగా ఉన్నాడు' అనే మాట నోట్లోకి వస్తే, ఏ పని చూసి అనుమానం కలిగిందో ముందు మీకు మీరే చెప్పుకోండి. పని ఏదీ దొరకకపోతే ఫోను పెట్టేయండి. రంగు చూసి అనుమానించే పోస్టుల గొడవ తట్టుకోలేక ఇరుగుపొరుగువాళ్ళ యాప్ నెక్స్ట్‌డోర్ 2016లో తన ఫారమ్‌నే మార్చుకుంది. మీ వాట్సాప్ గ్రూపుకు అలాంటి ఫారమ్ లేదు.

ఆ మాట ఎందుకు ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోందంటే, మీ అమ్మానాన్నలు వస్తున్నారు. 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రం మాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ళ ఒక తాత పొద్దున్నే కొడుకు ఇంటి వీధిలో నడుస్తున్నాడు. పొరుగాయన పోలీసులకు ఫోను చేసి 'సన్నగా ఉన్న నల్లజాతి మనిషి' తిరుగుతున్నాడన్నాడు. వచ్చిన అధికారి ఏదో అడిగితే ఆ తాతకు ఇంగ్లిషు రాదు. నేలకేసి కొట్టారు. వెన్నుకు శస్త్రచికిత్స, శరీరం పాక్షికంగా చచ్చుబడటం. అధికారి మీద కేసు రెండుసార్లు జ్యూరీ తేల్చలేక ఆగిపోయింది, చివరికి జడ్జి కొట్టేశారు. కుటుంబానికి 17.5 లక్షల డాలర్ల పరిహారం అందింది 2021లో. బ్లాక్ మనిషి కోసం చేసిన ఫోను మన తాత మీద పడింది. ఫోను చేసినవాడికి తేడా కనిపించలేదు.

కనుక నాన్నగారు నడకకు వెళ్ళేటప్పుడు జేబులో ఒక కార్డు ఉండాలి. పేరు, మీ చిరునామా, మీ ఇద్దరి ఫోను నంబర్లు, 'నాకు ఇంగ్లిషు తక్కువ, ఇక్కడ మా అబ్బాయితో ఉంటున్నాను' అనే వాక్యం ఇంగ్లిషులో. పాస్‌పోర్టు ఫొటోకాపీ కూడా ఉంచండి. పోలీసు పిలిస్తే ఆగాలి, చేతులు కనిపించేలా ఉంచాలి, జేబులో చేయి పెట్టే ముందు చెప్పాలి. మనకు పెద్దవాళ్ళు తల పక్కకు తిప్పి వెళ్ళిపోవడం అలవాటు, అది అక్కడ ప్రమాదం. వచ్చిన మొదటి వారంలోనే వాళ్ళను ఆ మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి పరిచయం చేయండి. భాష లేకపోయినా నమస్కారం సరిపోతుంది. ఆ తర్వాత నాన్నగారు దారి తప్పితే ఇంటికి తెచ్చి దిగబెట్టేది వాళ్ళే.

చివరగా మీరు అడిగిన కార్పొరేటర్. ఉన్నారు, మనవాళ్ళకంటే దగ్గరగా ఉన్నారు. డీసీ రాజకీయం తెలుసుకోవాలంటే ఢిల్లీని గుర్తుపెట్టుకోండి. ఎన్నికైన ప్రభుత్వం ఉంటుంది, పైన కేంద్రం కూర్చుని ఉంటుంది. 1973 హోమ్ రూల్ చట్టంతో మేయర్, 13 మంది కౌన్సిల్ వచ్చాయి. కాని వాళ్ళు చేసే ప్రతి చట్టమూ కాంగ్రెస్ కళ్ళ ముందు నుంచి పోవాలి, ఆ కాంగ్రెస్‌లో డీసీకి ఓటున్న సభ్యుడు లేడు. 16వ వీధిలో 2020లో పసుపు రంగుతో రాసిన 'బ్లాక్ లైవ్స్ మ్యాటర్' అక్షరాలను 2025 మార్చిలో నగరమే పగలగొట్టింది, కాంగ్రెస్ నుంచి వచ్చిన ఒత్తిడికి. అదే ఏడాది ఆగస్టు 11న అధ్యక్షుడు నగర పోలీసులను నెల రోజుల పాటు తన అదుపులోకి తీసుకుని నేషనల్ గార్డును దించారు. పోలీసులను పిలిస్తే వచ్చేది ఎవరో, వాళ్ళ వెంట ఇమిగ్రేషన్ అధికారులు ఉంటారో లేదో మునుపటిలా ఊహించలేని నగరం అది. మీ ఫోను పొరుగింటి వంటమనిషికి ఏ గతి పట్టిస్తుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పాత మేయర్ మేరియన్ బారీ పేరు వస్తే మనవాళ్ళు 1990 నాటి డ్రగ్స్ అరెస్టు గుర్తుచేసి నవ్వుతారు. మెట్ల మీది పెద్దవాళ్ళ ముందు ఆ నవ్వు నవ్వకండి. వేసవి సెలవుల్లో నగరంలోని కుర్రాళ్ళందరికీ ఉద్యోగం ఇప్పించిన మనిషి ఆయన. ఎంతోమందికి మొదటి జీతం ఆ పథకంలోదే. రెండు రూపాయల కిలో బియ్యం తిన్న ఇంట్లో ఎన్టీఆర్‌ను వెక్కిరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. సైకిల్ దారులు, కుక్కల పార్కులు కూడా అక్కడ ఉత్త సైకిళ్ళు, కుక్కలు కావు. 2010లో మేయర్ ఏడ్రియన్ ఫెంటీ ఓడిపోయినప్పుడు, ఎవరి నగరం ఎవరి కోసం మారుతోందన్న కోపం వాటి రూపంలోనే బయటికొచ్చింది.

మీకు కావలసింది ఏఎన్‌సీ, అంటే అడ్వైజరీ నైబర్‌హుడ్ కమిషన్. సుమారు 2,000 మందికి ఒక కమిషనరు. రెండేళ్ళ పదవి, జీతం లేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మీ ఈమెయిలు చూసే మీలాంటి మనిషే. నగర వెబ్‌సైటులో చిరునామా కొడితే పేరు వస్తుంది. ఈమెయిలు ఐదు వాక్యాలు దాటకూడదు: ఎక్కడ, ఏమిటి, ఎప్పుడెప్పుడు, మీరు ఇప్పటికే ఎవరితో మాట్లాడారు, ఏం కోరుతున్నారు. నాలుగోది లేని ఉత్తరాన్ని కమిషనర్లు పక్కన పెడతారు. మద్యం లైసెన్సు, కట్టడాలు, పార్కింగు లాంటి విషయాల్లో ఏఎన్‌సీ తీర్మానానికి నగర శాఖలు 'గ్రేట్ వెయిట్' ఇవ్వాలి. అంటే ఒప్పుకోకపోయినా ఎందుకు ఒప్పుకోలేదో రాతలో చెప్పాలి. రేపు మీ కింద బారు వస్తే పాట ఎన్నింటికి ఆపాలో లైసెన్సులోనే రాయించేది వీళ్ళే. నెలకోసారి సమావేశం, ఎవరైనా వెళ్ళొచ్చు, గ్రీన్‌కార్డు అడ్డు కాదు. మొదటి రెండు సమావేశాల్లో నోరు విప్పకండి, చివరిదాకా కూర్చోండి. తమ సంగతి చెప్పి లేచిపోయేవాళ్ళను అక్కడ అందరూ గుర్తుపెట్టుకుంటారు.

ఓటు గురించి ఒక హెచ్చరిక. డీసీ 2022 చట్టం పౌరులు కానివాళ్ళకు కూడా స్థానిక ఎన్నికల్లో ఓటు ఇచ్చింది, 2024 నుంచి వేస్తున్నారు. దాన్ని రద్దు చేయాలని ప్రతినిధుల సభ 2024లోనూ, 2025లోనూ ఓటు వేసింది. చట్టం ఆనాటికి ఎలా ఉందో చూసుకోకుండా కదలకండి. పొరపాటున 'నేను పౌరుణ్ణి' అనే గడిలో టిక్కు పడితే గ్రీన్‌కార్డే పోవచ్చు. పౌరసత్వ దరఖాస్తులో ఓటరుగా ఎప్పుడైనా నమోదయ్యారా అన్న ప్రశ్న ఎలాగూ ఉంటుంది. ఇమిగ్రేషన్ లాయరును అడిగే దాకా నమోదు వద్దు. ఏఎన్‌సీ కుర్చీ చాలు.

ఖాళీ దొరికితే యూ స్ట్రీట్‌లో బెన్స్ చిలీ బౌల్‌కు పాపను తీసుకెళ్ళండి. 1958లో దాన్ని తెరిచిన మహబూబ్ బెన్ అలీ ట్రినిడాడ్ నుంచి వచ్చిన భారత సంతతి మనిషి, చదివింది హోవర్డ్‌లో. 1968లో వీధులు తగలబడుతున్నప్పుడు కర్ఫ్యూలోనూ తెరిచి ఉంచనిచ్చింది ఆ హోటలునే. మాంసం తినకపోతే వెజ్ చిలీ అడగండి.

బార్బర్ దగ్గరికి మాత్రం ఈ వారమే. మంగళవారం లేదా బుధవారం, పదకొండింటికి. సోమవారం చాలా షాపులు మూసేస్తారు, శనివారం ఊపిరి సలపదు. మీరు జుట్టు కత్తిరించుకోవడానికే వెళ్ళండి. నిటారు జుట్టుకు కత్తెర పని చేస్తారా అని ముందే అడగండి, అందరూ చేయరు. చేయకపోతే గడ్డం దిద్దమనండి, అందులో వాళ్ళను మించినవాళ్ళు లేరు. టిప్పు ఇరవై శాతం, నోట్లుగా. స్పీకరు సంగతి కుర్చీ దిగాక.